పూర్వీకుల గురించి ఆన్‌లైన్‌లో అడిగే ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పని

"మాది కడప జిల్లా. మా తాత పేరు వెంకటసుబ్బయ్య. మా వంశవృక్షం గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు ప్లీజ్."

ఇలాంటి మెసేజ్‌లు నాకు నెలకు రెండు మూడైనా వస్తాయి. చదివిన ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటుంది. అడిగిన మనిషికి ఆ సమాచారం నిజంగానే కావాలి, చెప్పగలిగిన మనిషి కూడా ఏ జమ్మలమడుగులోనో ఏ కోయిలకుంట్లలోనో ఉండే ఉంటాడు, కానీ పట్టుకోవడానికి ఒక్క కొస కూడా లేదు ఆ మూడు వాక్యాల్లో. కడప జిల్లాలో వెంకటసుబ్బయ్య లేని ఊరు ఉందా? చూసినవాళ్లు "పాపం" అనుకుని పక్కకు జరిగిపోతారు. అడిగినాయన మాత్రం ఎవరూ సాయం చేయరని అనుకుంటాడు.

నేను ప్రొద్దుటూరులో ఉంటాను. పన్నెండేళ్లుగా మా వంశం వివరాలు వెతుక్కుంటున్నాను, ఆ దారిలోనే వేరేవాళ్లకు కూడా చేతనైనంత చూసి పెడుతున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, మీ కుటుంబం గురించి ఏమీ తెలియని ఒక కొత్త మనిషి మీ మెసేజ్ చదివి, లేచి వెళ్లి సరిగ్గా ఆ ఊళ్లో, సరిగ్గా ఆ రిజిస్టరు ముందు నిలబడగలగాలి. అంత వివరంగా రాస్తేనే అది అడగడం. అలా రాయడం ఎలాగో, రాసే ముందు ఇంట్లో ఏం వెతుక్కోవాలో, జవాబు వచ్చాక ఏం చేయాలో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఇంట్లో పని. మీ ఇంట్లో వయసులో అందరికంటే పెద్దవాళ్లు ఎవరో వాళ్ల దగ్గర కూర్చోండి, జేజి (నాయనమ్మ) కావచ్చు, అవ్వ కావచ్చు, మీ నాయన మేనత్త కావచ్చు. "మన పూర్వీకులు ఎవరు" అని అడిగితే వాళ్లకు ఏమీ గుర్తు రాదు. "నీ పెళ్లికి ఎవరెవరు వచ్చినారు, ఏ ఊర్నించి వచ్చినారు, బండ్లలోనా బస్సులోనా" అని అడగండి, అప్పుడు చూడండి. పెద్దల అమావాస్యనాడు ఇంట్లో ఎవరెవరి పేర్లు చెప్పి పెడతారో రాసుకోండి. తద్దినాలు పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత మూడు తరాల పేర్లూ మంత్రంలోనే వస్తాయి, పెట్టించే అయ్యగారిని అడిగినా చెప్తారు. గోత్రం, ఇలవేల్పు, పుట్టువెంట్రుకలు ఏ కొండ మీద తీయిస్తారు, ఇవన్నీ రాసుకోవాలి. మన వైపు పేర్లే సగం దారి చూపిస్తాయి కదా. ఓబులేసు అంటే అహోబిలం, కదిరప్ప అంటే కదిరి నరసింహస్వామి, మద్దిలేటి అంటే మద్దిలేటి నరసింహస్వామి, ఈరన్న అంటే చాలాసార్లు ఉరుకుంద, కుళ్లాయప్ప అంటే గూగూడు. ఒక ఇంట్లో మూడు తరాల్లో ఇద్దరు కుళ్లాయప్పలు ఉండి, ఆ ఇల్లు ఇప్పుడు మైదుకూరు దగ్గర ఉందనుకోండి, నేనైతే మొదట అనంతపురం వైపు చూస్తాను. ఖాయమని కాదు, వెతకడానికి ఒక దిక్కు దొరుకుతుంది.

తర్వాత ట్రంకు పెట్టె. పాత క్రయ దస్తావేజులు, స్కూలు టీసీలు, శుభలేఖలు, వీటన్నిటికంటే ముఖ్యంగా పెళ్లిళ్లలో చదివింపులు రాసిన పుస్తకం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, చాలా ఇళ్లలో పాత పేపర్లతో పాటు అమ్మేస్తారు కూడా. ఎవరు ఎంత చదివించారో రాసేటప్పుడు పేరు, ఇంటిపేరు, ఊరు మూడూ రాస్తారు. 1960లలో జరిగిన ఒక పెళ్లి పుస్తకం దొరికితే ఆ రోజు మీ బంధువులు ఏ ఏ ఊళ్లలో ఉన్నారో పటం గీసుకోవచ్చు. దస్తావేజుల్లో చెక్కుబందీ, అంటే పొలానికి నాలుగు వైపులా హద్దులు రాసిన భాగం, వదలకండి. "తూర్పున నడిపి సుబ్బన్న చేను" అని ఉంటే ఆ నడిపి సుబ్బన్న చాలాసార్లు సొంత అన్నో తమ్ముడో అయి ఉంటాడు, భాగాలు పంచుకున్నప్పుడు చేలు పక్కపక్కనే పడతాయి కాబట్టి.

ఇత్తడి సామాన్ల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. మా జేజి వాళ్ల అమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన బిందె ఒకటి మా అటక మీద ఉండేది. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు ఉన్నాయి, అరిగిపోయి వేలికి తగులుతాయి తప్ప కంటికి కనపడవు. నేను టార్చి వేసి చూసి "వికృతి" అని చదివాను, అంటే 1890. ఆ లెక్కన మా జేజి వాళ్ల అమ్మ పుట్టకముందే ఆమె పెళ్లి జరిగినట్టు అవుతుంది. ఏదో తప్పు ఉందని తెలుస్తోంది కానీ ఎక్కడో తెలియలేదు, కొన్నాళ్లు ఆ బిందె ఆమెది కాదేమో అని పక్కన పెట్టేశాను. చివరికి ఫోటో పెట్టి అడిగితే, అనంతపురంలో పాత శాసనాలు చదివే ఒకాయన ముగ్గుపిండి రుద్ది, గుడ్డతో పైపైన తుడిచి, ఫోన్ లైటు పక్కనుంచి పడేలా పట్టుకుని మళ్లీ ఫోటో తీయమన్నారు. పిండి చుక్కల్లో నిలబడి అక్షరాలు తెల్లగా తేలాయి. అది వికృతి కాదు, "వికారి". 1899. తొమ్మిదేళ్ల తేడాతో మొత్తం లెక్క సరిపోయింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట: మీరు చదివింది రాయకండి, ఫోటో పెట్టండి. చదివింది కూడా రాయాలనిపిస్తే ఫోటో కింద రాయండి.

ఫోటో అంటే పేజీ మొత్తం. మీ తాత పేరున్న ఒక్క వరుసను కత్తిరించి పెడితే ఎవరికీ పనికి రాదు. కరణాలు రాసిన గొలుసుకట్టు రాతలో మాటకు మాటకు మధ్య ఖాళీ ఉండదు, అక్షరం మీద అక్షరం అల్లుకుపోతుంది, చదివేవాళ్లు అదే పేజీలో వేరే చోట ఉన్న అక్షరాలతో పోల్చుకుంటూ చదువుతారు. పైన ఊరి పేరు, ఫసలీ సంవత్సరం (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటాయి, అవీ కావాలి. ఫసలీ అంకెకు 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, జూలై నుంచి మొదలవుతుంది, అంటే ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. తెలుగు సంవత్సరం మాత్రమే ఉంటే అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుందని మర్చిపోవద్దు. ఖర అంటే 1891 కావచ్చు, 1951 కావచ్చు, ఏదో తేల్చుకోవడానికి ఇంకో ఆధారం కావాలి.

ఇప్పుడు ఊరు. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు, ఎందుకంటే మన జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మారాయో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే పూర్తిగా తెలియదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినప్పుడు అనంతపురం జిల్లా అనేదే లేదు, 1882లో బళ్లారి నుంచి విడదీసి చేశారు. కాబట్టి మీ వాళ్లు గుత్తి, తాడిపత్రి వైపు వాళ్లయితే అంతకు ముందు కాగితాల్లో బళ్లారి జిల్లా అని ఉంటుంది. కోయిలకుంట్ల, కంభం 1858 దాకా కడపలో ఉండేవి, ఆ తర్వాత కర్నూలుకు వచ్చాయి. కదిరి 1910 దాకా కడప జిల్లానే. మదనపల్లె, వాయల్పాడు 1911లో కడప నుంచి చిత్తూరుకు పోయాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లా, ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మొదటి రెండూ కర్నూలుకు, మూడోది అనంతపురానికి చేరాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో కర్నూలు నుంచి కొత్త ప్రకాశం జిల్లాకు పోయాయి. బనగానపల్లె అయితే 1948 దాకా నవాబు సంస్థానం, చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ ఉన్నా దాని కాగితాల దారే వేరు. ఇక 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. అందుకని ఊరి పేరు రాసేటప్పుడు ఇప్పటి మండలం, అప్పటి తాలూకా రెండూ రాయండి. అప్పటి తాలూకా తెలియకపోతే ఆర్కైవ్.ఆర్గ్‌లో పాత జిల్లా మాన్యువల్స్ ఉచితంగా దొరుకుతాయి: కడపకు గ్రిబుల్ రాసింది 1875లో వచ్చింది, కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి రాసింది 1886లో, అనంతపురానికి ఫ్రాన్సిస్ గెజిటీర్ 1905లో. ఇంగ్లీషులో ఉంటాయి, ఊళ్ల పేర్లు విచిత్రంగా ఉంటాయి, అయినా తాలూకాలు తెలుసుకోవడానికి అంతకంటే మంచివి లేవు.

శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్ల వాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఊళ్లు 1980ల మొదట్లో ఖాళీ అయినప్పుడు ఒకే ఊరి జనం పదిచోట్లకు చెదిరారు. మునిగిన ఊరి పేరు, తర్వాత చేరిన ఊరి పేరు రెండూ రాయకపోతే మీ సొంత దాయాది చదివినా అది తన గురించేనని గుర్తుపట్టలేడు.

ఇంత చేశాక అడిగే మెసేజ్ ఎలా ఉంటుందో ఒకటి రాసి చూపిస్తాను. పేర్లు నేను కల్పించినవే.

"నమస్తే. మా జేజినాయన వాళ్ల నాయన గురించి వెతుకుతున్నాను. పేరు నడిపి ఓబులేసు, ఇంటిపేరు నొస్సం. 1930 ప్రాంతంలో జమ్మలమడుగు తాలూకా పెద్దముడియంలో ఉండేవాడని మా జేజి చెప్పింది. ఈయన అన్న పెద్ద ఓబులేసు. చెల్లెలిని కోయిలకుంట్ల వైపు ఇచ్చారు, ఊరు తెలియదు. మా దగ్గర 1936 నాటి క్రయ దస్తావేజు ఉంది, అందులో ఈయన తండ్రి పేరు సుబ్బన్న అని ఉంది, నాలుగు పేజీల ఫోటోలూ పెడుతున్నాను. పెద్దముడియం డైగ్లాట్ చూశాను, సుబ్బన్న పేరు మీద ఏమీ లేదు. నేను అడిగేది ఒక్కటే: నొస్సం ఇంటిపేరు వాళ్లు పెద్దముడియానికి ఎప్పుడు, ఎందుకు వచ్చారో ఎవరైనా విన్నారా? భూమి విషయం కాదు, మా పిల్లలకు రాసిపెట్టడానికే. మీకు ఎవరు చెప్పారో కూడా రాస్తే చాలా మేలు."

ఇందులో ఇంటిపేరే ఒక ఊరి పేరు, నొస్సం అటు సంజామల దగ్గర ఉంది. ఇంటిపేరు ఊరి పేరైతే చాలాసార్లు ఆ కుటుంబం ఎప్పుడో ఆ ఊరు వదిలి వచ్చిందని అర్థం, ఊళ్లోనే ఉన్నవాళ్లను ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు కదా. ఈ మెసేజ్ చూసిన సంజామల మనిషికి వెంటనే ఒక ఆలోచన వస్తుంది. చూసినవి, దొరకనివి కూడా చెప్పారు కాబట్టి ఎవరూ మళ్లీ అదే డైగ్లాట్ (ఊరి భూముల పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) వెతికి టైం వృథా చేసుకోరు. ప్రశ్న ఒక్కటే ఉంది. "మొత్తం వంశం చెప్పండి" అంటే చదివినవాడికి టెన్షన్, ఒక్క ప్రశ్న అయితే బస్సులో కూర్చుని కూడా జవాబు రాస్తాడు. పెద్ద, నడిపి, చిన్న అనేవి వదలకుండా రాశారు, అది చాలా ముఖ్యం, ఎందుకో కింద చెప్తాను.

"భూమి విషయం కాదు" అనే మాట మన దగ్గర రాసి తీరాలి. "వంశవృక్షం" అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది తహసీల్దారు ఆఫీసు, పాస్‌బుక్కు, వారసత్వ మ్యుటేషన్. ఎవడో బెంగళూరు నుంచి మెసేజ్ పెట్టి మా తాత అన్నదమ్ములు ఎవరు, పిల్లలెంతమంది అని అడిగితే, ఊళ్లో ఉన్న దాయాదికి మొదట వచ్చే అనుమానం భాగం అడగడానికి వస్తున్నాడనే. అది వాళ్ల తప్పు కాదు, అలా వచ్చి కేసులు వేసినవాళ్లు ఉన్నారు కాబట్టి భయపడతారు. అందుకని ఎందుకు వెతుకుతున్నారో మొదట్లోనే చెప్పండి, నిజమే చెప్పండి. ఒకవేళ మీకు నిజంగా భూమి సంగతే కావాలంటే అదీ దాచకండి, లాయరు దగ్గరికి వెళ్లండి, మాలాంటి వాళ్లను మధ్యలో పెట్టకండి. అలాగే పాత గొడవలతో రాత్రికి రాత్రి ఊరు వదిలిన కుటుంబాలు మన సీమలో ఉన్నాయి. ఎవరైనా మీ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మౌనంగా ఉంటే, గుచ్చి గుచ్చి అడగకండి.

బంధుత్వాలు తెలుగులోనే రాయండి. ఇంగ్లీషులో అంకుల్ అని రాస్తే చిన్నాయనా, మామా, పెద్దనాయనా, మేనత్త మొగుడా ఏమని అర్థం చేసుకోవాలి? మేనరికాలున్న ఇళ్లలో ఒకే మనిషి రెండు వరుసల్లో వస్తాడు, రెండూ రాయండి. ఇల్లరికం వచ్చినవాళ్లు, దత్తత పోయినవాళ్లు ఉంటే తప్పకుండా చెప్పాలి, వంశం కొస తెగిపోయేది ఎక్కువగా అక్కడే. ఆడవాళ్ల విషయంలో పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు అడిగి రాసుకోండి. చాలా వంశవృక్షాల్లో మగవాళ్లకు ఏడు తరాలు ఉంటాయి, వాళ్ల భార్యల గడిలో "లక్ష్మమ్మ" అని ఒక్క మాట ఉంటుంది. ఆమెకూ ఒక ఊరు, ఒక తండ్రి, ఆమెకు చీర పెట్టిన అన్నదమ్ములు ఉన్నారు. వాళ్ల వైపు నుంచి వెతికితే దొరికిన సందర్భాలు నేను ఎన్నో చూశాను.

ఎవరిని అడగాలి అనేది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. భూమి కాగితాల గురించైతే రిటైరైన వీఆర్వోలు, రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరులు. 1984లో కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దయినప్పుడు కొన్ని లెక్కలు ఆఫీసులకు చేరాయి, కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి, అందుకని పాత కరణం కుటుంబం వాళ్లు ఎక్కడున్నా మర్యాదగా అడగండి, గొలుసుకట్టు చదవగలిగేది కూడా వాళ్లలోని పెద్దవాళ్లే. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే కాగితం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. ఇనాం భూములున్న కుటుంబాలైతే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ల గురించి అడగండి, 1858లో ఇనాం కమిషన్ వేశాక రాసినవి అవి, ఇనాం ఎవరు ఎవరికి ఇచ్చారో, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారో వాటిలో ఉంటుంది. ఊరి చరిత్ర కావాలంటే మెకంజీ కైఫీయత్తులు, అంటే కంపెనీ కాలంలో మెకంజీ దొర రాయించి పెట్టిన ఊళ్ల కథనాలు, వాటికోసం కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయంలో అడగండి. క్రైస్తవ కుటుంబాలైతే చర్చి బాప్తిస్మం రిజిస్టర్లే మొదటి ఆధారం. జమ్మలమడుగు, కడప, గుత్తి వైపు లండన్ మిషన్, నంద్యాల వైపు ఎస్‌పీజీ అనే ఇంకో ఇంగ్లండ్ మిషన్ పనిచేశాయి, లండన్ మిషన్ పాత కాగితాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. గుంతకల్లు రైల్వే కాలనీలో ఉన్న ఆంగ్లో ఇండియన్ల వారసులైతే ఫిబిస్ అనే సంఘం ఉంది, బ్రిటిష్ ఇండియాలో ఉన్న కుటుంబాల రికార్డులు వాలంటీర్లు ఎక్కించి పెట్టారు, అక్కడ వెతకండి. ఫ్యామిలీసెర్చ్ సైటు ఉచితం, కానీ మన పల్లెల పేర్లు అందులో కొడితే నేరుగా దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు మన దేశంలో బయటికి ఇవ్వరు, కాబట్టి "1931 సెన్సస్‌లో మా తాత పేరు చూసి పెట్టండి" అని ఎవరినీ అడగకండి. ఒకప్పుడు ఊరూరా వచ్చి గోత్రాలు, ఇంటిపేర్లు పాటలా చెప్పిన వంశరాజ్ కుటుంబాల పెద్దవాళ్లు మీ వైపు ఇంకా ఉంటే, వాళ్లను కలవడం మాత్రం వాయిదా వేయకండి. వాళ్లకు తెలిసింది ఏ వెబ్‌సైట్లోనూ లేదు.

దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ నుంచి అడిగేవాళ్ల గురించి ఒక మాట. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో మొదటి కూలీలు డర్బన్‌కు చేరారు, 1911 దాకా అలా ఓడలు పోతూనే ఉన్నాయి. మధ్యలో 1876, 77లో ధాత సంవత్సరపు కరువు మన సీమను ఊడ్చేసింది. వలస పోయినవాళ్ల కాగితంలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు ఉంటాయి. అది చూస్తే మనకు కళ్లు చెమరుస్తాయి, నూటయాభై ఏళ్ల కింద ఎవరో గుమాస్తా ముందు నిలబడి ఒక మనిషి చెప్పిన తన ఊరి పేరు అది. కానీ ఆ గుమాస్తా తన చెవికి విన్నట్టు ఇంగ్లీషులో రాశాడు. కాబట్టి వాళ్లు అడిగేటప్పుడు ఆ కాగితం ఫోటోనే పెట్టాలి, జవాబు చెప్పే మనం దాన్ని కంటితో కాకుండా నోటితో చదవాలి. కుడ్డపా అంటే కడప, గూటీ అంటే గుత్తి అని మనకు తెలుసు, పల్లెల పేర్లు మాత్రం నాలుగైదు రకాలుగా పైకి పలికి చూస్తేనే తడతాయి. ఆ తాలూకా ఊళ్ల జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పేరూ పలుకుతూ పోండి. డీఎన్ఏ పరీక్షలో దగ్గర బంధువని చూపించినంత మాత్రాన తొందరపడొద్దు, తరతరాలుగా మేనరికాలు చేసుకున్న మన కుటుంబాల్లో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనపడతాడు.

అడిగాక ఓపిక పట్టండి. పాత కాగితాలు చదివేవాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు, రోజూ ఫోన్ చూడరు. ఒకే రాత్రి పది గ్రూపుల్లో పెట్టి, ఒకచోట జవాబు దొరికాక మిగతా చోట్ల చెప్పకుండా వదిలేస్తే, తెలియనివాళ్లు మీ కోసం ఇంకా వెతుకుతూనే ఉంటారు, అది చాలా అన్యాయం. ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్‌లు పెట్టకండి, రాసి పెట్టండి. ఎవరైనా మీ కోసం ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే బస్సు చార్జీలు, కాపీల ఖర్చు అడగకముందే పంపండి. డబ్బు తీసుకుని వెతికేవాళ్లయితే ఎంత, దొరకకపోతే ఎంత అనేది ముందే రాతలో మాట్లాడుకోండి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, ఆధార్, పాస్‌బుక్ కాపీలు బహిరంగంగా పెట్టొద్దు, సర్వే నంబరు కూడా అవసరమైన మనిషికే విడిగా పంపండి. ఎవరైనా తమ కుటుంబం వృక్షం మీకు చూపిస్తే అది వాళ్లది, అడగకుండా మీ పేరుతో ఎక్కించకండి.

జవాబు వస్తే సంతోషంలో వెంటనే కలిపేసుకోకండి. ఇందాక పెద్ద, నడిపి, చిన్న గురించి కింద చెప్తానన్నాను కదా, దాని గురించి నాకు జరిగిందే చెప్తాను. మా ముత్తాత పేరు చిన్న సుబ్బన్న. ఒకాయన ఎంతో శ్రద్ధగా ఒక సుబ్బన్న వివరాలు పంపించారు, అదే ఊరు, అదే ఇంటిపేరు, వయసు కూడా దాదాపు సరిపోయింది. ఎనిమిది నెలలు ఆ దారిలో పైకి పోయాను, నాలుగు తరాలు రాసుకున్నాను, మా నాయనకు చూపిస్తే ఆయన ఆ కాగితం దేవుని గూట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఒక దస్తావేజులో చిన్న సుబ్బన్న, నడిపి సుబ్బన్న ఇద్దరూ సాక్షులుగా పక్కపక్కనే వేలిముద్రలు వేసి కనపడ్డారు. నాకు పంపింది నడిపి సుబ్బన్న వంశం. వాళ్లు మా దాయాదులే, కానీ రెండు తరాల పైన కలుస్తారు, నేను రాసుకున్న చోట కాదు. నాయన దగ్గరికి వెళ్లి ఆ కాగితం వెనక్కి ఇమ్మని అడగడం నాకు ఇప్పటికీ మర్చిపోలేని విషయం.

అందుకని సాయం చేసినవాళ్లను "ఇది మీకు ఎలా తెలిసింది" అని అడగడానికి మొహమాటపడకండి. అడిగే తీరు ఉంటుంది: "చాలా సంతోషం సార్, మేం కూడా అది చూడాలనుకుంటున్నాం, ఏ రిజిస్టరులో ఉందో చెప్తారా" అంటే ఎవరూ నొచ్చుకోరు. మా అవ్వ చెప్పింది అంటే అలాగే రాసుకోండి, ఏ అవ్వ, ఏ ఊరు, ఎప్పుడు చెప్పింది. చెప్పుడు మాటకు విలువ లేదని కాదు, కాగితం మాట వేరు, అవ్వ మాట వేరు, రెండింటినీ విడివిడిగా పెట్టుకుంటే రేపు ఏది తప్పయినా రెండోది నిలబడుతుంది. ఎవరైనా మీ వంశాన్ని నేరుగా విజయనగర రాజుల దాకా తీసుకెళ్తే, మధ్యలో ప్రతి తరానికీ ఆధారం ఏమిటో అడగండి.

మూడు నెలలైనా ఎవరూ పలకకపోతే అదే మెసేజ్ మళ్లీ పెట్టకండి, ప్రశ్న మార్చండి. మనిషి గురించి అడిగి దొరక్కపోతే ఊరి గురించి అడగండి: "1930లలో ఈ ఊరి కరణం కుటుంబం ఇప్పుడు ఎక్కడ ఉంది?" ఊరి గురించి దొరక్కపోతే దస్తావేజులో సాక్షిగా ఉన్నాయన పేరు పట్టుకుని అడగండి, దాన్ని రాసిన లేఖరి పేరు పట్టుకుని అడగండి. మా చిన్న సుబ్బన్న తండ్రి పేరు నాకు చివరికి దొరికింది అలాగే. ఆ దస్తావేజులో మూడో సాక్షి మనవడు ఇప్పుడు ధర్మవరంలో మగ్గాలు నడుపుతున్నాడు, ఆయన ఇంట్లో ఉన్న చదివింపుల పుస్తకంలో మా వాళ్ల పేరు తండ్రి పేరుతో సహా రాసి ఉంది, దాని ఎదురుగా రెండు రూపాయలు.